ఇంటర్వెల్ దాకా చూసిన సినిమాలు

మా శాంతక్కకు నేను మూడేళ్ళపాటు సినిమాల గురించి ఉత్తరాలు రాశాను. వాటిలో ఒక్క సినిమా కూడా నేను చివరిదాకా చూసింది కాదు. ఇంటర్వెల్ కాగానే లేచి ఇంటికి పోయేవాణ్ణి. ఆ తర్వాత కథంతా నేను కల్పించి రాసిందే. ఈ సంగతి అక్కకు ఏళ్ళ తరబడి చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల ఆమె కాపురంలో ఏం జరిగిందో తెలిశాక కూడా చెప్పలేదు. మా బావ దేవయ్య బతికుండగానే చెప్పవలసిన మాట అది. పోయిన ఎండాకాలంలో ఆయన ఉట్నూర్‌లో కన్నుమూశాడు. సమాధి అయిన మూడోనాడు అక్క ఆయన ఖాకీ కోటు మడతపెడుతూ, "మీ బావ అన్నిట్ల మంచోడే తమ్మీ. గా ఒక్క సినిమా ముచ్చట్లనే కడదాక నా మాట నమ్మలే" అన్నది. నేను పక్కనే పీట మీద కూర్చుని ఉన్నాను. ఆయన నమ్మకపోవడమే సరైనదని అప్పుడైనా అనవలసింది. ఆ కోటు జారిన చేతిని సర్ది ఆమెకు అందించాను.

కరీంనగర్‌కు తిరిగివచ్చి, బడికి పోయి, పిల్లలకు లెక్కలు చెప్తున్నానే గానీ మనసు అక్కడే తిరుగుతోంది. జరిగింది జరిగినట్టు రాసిపెడదామని కాగితాలు ముందేసుకుంటే ఇంకో చిక్కు వచ్చిపడింది. ఆ రోజుల్లో నేను ఏది చూశానో, ఏది కల్పించానో నాకే సరిగా తెలియడం లేదు. ఒక సినిమాలో రాణి ఉంగరాన్ని బియ్యంలో దాస్తుంది. తెర మీద ఆ తెల్లటి బియ్యం, అందులోకి దిగుతున్న వేళ్ళు ఇప్పటికీ కళ్ళకు కడుతున్నాయి. కానీ అది ఇంటర్వెల్ తర్వాతి కథలో రావాలి. అంటే నేను చూసి ఉండడానికి వీల్లేదు. మరి ఆ వేళ్ళు ఎవరివి? ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అందుకని ముందుగా నాకు కచ్చితంగా తెలిసినవే రాస్తాను.

మా ఇల్లు హుజూరాబాద్‌లో మిషన్ కాంపౌండు గోడకు ఆనుకుని ఉండేది. మా బాపు అక్కడి హాస్టల్‌లో వంటమనిషి. తెల్లవారకముందే లేచి పెద్ద గుండిగలకు అడుగున బూడిద పూసేవాడు, మసి పట్టకుండా. ఆయన ఎప్పుడూ రుచి చూసి ఉప్పు వేయలేదు. మూత తీసి ఆవిరిని ఒకసారి పీల్చి, "ఇంకింత పడాలె" అనేవాడు. ఆ ఇంత ఎప్పుడూ సరిపోయేది. సాయంత్రం పిల్లల భోజనాలు అయ్యాక ఇంటికి వచ్చేవాడు. ఆయన ఒంటి నుంచి పప్పు మాడిన వాసన, వంటచెరుకు పొగ వాసన కలిసి వచ్చేవి. కాళ్ళు చేతులు కడుక్కుని, లాంతరు చిమ్నీ తానే తుడిచి, చాప మీద కూర్చునేవాడు. అది ఎనిమిదిన్నర. అప్పుడు ఇంట్లో అందరూ ఆ చాప మీద ఉండవలసిందే. ప్రార్థన అయిన తర్వాతే రొట్టె.

బాపుకు చదువు రాదు. అవ్వకూ రాదు. మిషన్ బడిలో చదువుకున్న శాంతక్క రోజూ బైబిలు చదివి వినిపించేది. బాపు కళ్ళు మూసుకుని, వేలు మాత్రం చాప అంచు మీద ఆమె చదివే వేగంతో కదిలించేవాడు, తానూ చదువుతున్నట్టు. ఎక్కడైనా ఒక వాక్యం ఎగరేస్తే ఆ వేలు ఆగేది. "ఏదో ఇడిసినవు బిడ్డా" అనేవాడు. పదిహేడేళ్ళకు అక్క పెళ్ళి అయిపోయింది. బావ ఉట్నూర్‌లో సర్కారు జీపు డ్రైవరు. అక్క పోగానే ఆ చదివే పని నా మీద పడింది. నేను చదివింది ఉర్దూ మీడియం. తెలుగు అక్షరాలు అక్క దగ్గరే నేర్చుకున్నాను. ఆ చాప మీద నేను లేకపోతే ప్రార్థనే జరగదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను సినిమాలు సగంలో వదిలి ఎందుకు వచ్చేవాణ్ణో తెలియడానికి. వచ్చి కల్పించి ఎందుకు రాశానో దీనివల్ల తెలియదు.

పోలీసు చర్య అయిపోయి, ఊరు మళ్ళీ సంతలు పెట్టుకోవడం మొదలుపెట్టిన రోజులవి. పంటలు ఇంటికి రాగానే టూరింగ్ టాకీసు వచ్చి అంగడి వెనక బీట్లో డేరా వేసేది. సినిమా ఆడించే మిషను ఒక్కటే. రీలు రీలుకూ బల్బు వెలిగేది, మళ్ళీ చీకటయ్యేది. మధ్యలో పెద్ద ఇంటర్వెల్. నేల మీద ఇసుక పోసి తడిపేవారు. ఆ తడి ఇసుక మీద బీడీ పొగ, పల్లీల పొట్టు, మిషను దగ్గర నుంచి వచ్చే ఏదో కాలిన వాసన. బాపు దృష్టిలో ఆ డేరాలోకి పోవడం పాపం. అక్క ఒక్క సినిమా కూడా చూడకుండానే పెళ్ళి చేసుకుని పోయింది. కానీ మైకు శబ్దం మా గోడ దాటి వచ్చేది కాబట్టి పాటలన్నీ ఆమెకు వచ్చు. ఏ పాట దగ్గర జనం ఈలలు వేస్తారో కూడా తెలుసు. అత్తగారింటికి పోయేనాడు బస్సు కిటికీ దగ్గరికి నన్ను పిలిచి మెల్లగా చెప్పింది. "నువ్వు డేరాలకు పోతున్నవని నాకెరికే. పో. చూసినయన్నీ నాకు కార్డు రాయి. బాపుకు తెల్వనియ్యకు. కథ మొత్తం రాయాలె, సగం రాసి ఇడవకు."

పొద్దుగూకగానే ఆట మొదలయ్యేది. ఇంటర్వెల్ బల్బు వెలిగేసరికి నేను డేరా చుట్టూ కట్టిన కనాతు గుడ్డ కింద నుంచి బయటపడి పరుగెత్తేవాణ్ణి. బాపు అప్పటికే చాప మీద ఉంటే, "ఆనందం ఏడి?" అన్న మాట గడప దగ్గరే వినపడేది. "గీడనే ఉన్నడు, కాళ్ళు కడుగుతుండు" అని అవ్వ సర్దిచెప్పేది. ఒకసారి బాపు నా అంగీ వాసన చూసి, "బీడీ వాసనేంది?" అన్నాడు. "హాస్టల్ కాడ వాచ్‌మెన్ తాగిండు బాపూ" అన్నాను. "వాచ్‌మెన్ నీ అంగీ తొడుక్కుని తాగిండా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా కళ్ళు మూసుకున్నాడు. నేను చదువుతూ ఉంటే అవతల డేరాలో మిగతా సినిమా నడుస్తుండేది. గాలి ఇటు తిరిగితే ఏడుపులు, కత్తుల చప్పుడు, గుర్రాలు, పాట సగం వినిపించేవి. ఆ చప్పుళ్ళను పట్టుకుని నేను మనసులో కథ నడిపించుకునేవాణ్ణి. ఏడుపు ఎక్కువైతే ఎవరో చచ్చారని, సన్నాయి వినపడితే పెళ్ళయిందని. పొద్దున లేచి అదే కార్డు మీద రాసేవాణ్ణి. మొదట రెండు మూడు సార్లు, "ఇట్ల అయి ఉంటదనిపిస్తుంది" అని రాద్దామనుకున్నాను. కార్డులో అంత చోటు లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

అసలు నాకు ఆ చూసిన సగం కూడా పూర్తిగా అర్థమయ్యేది కాదు. ఉర్దూలో చదువుకున్నవాణ్ణి గనక హిందీ సినిమా మాటలు నేరుగా తలకెక్కేవి. మద్రాసు నుంచి వచ్చే తెలుగు సినిమాల్లో వాళ్ళు మాట్లాడే తెలుగు మాత్రం నాకూ నా పక్కనున్నవాళ్ళకూ కొత్తగా ఉండేది. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసేసరికి మూడు రీళ్ళు అయిపోయేవి. ఒకసారి ఒకే నటుడు అన్నగానూ తమ్ముడిగానూ వేస్తే, ఒక్కడే రెండు ఊళ్ళలో రెండు ఇళ్ళు పెట్టాడని రాసి పంపాను. ఉట్నూర్ క్వార్టర్లలో ఆడవాళ్ళు వాణ్ణి నెల రోజులు తిట్టుకున్నారట. అక్క మధ్యాహ్నాలు చెరిగే చాటలు పక్కన పెట్టించి నా కార్డులు చదివి వినిపించేది. చదివే ఆ తీరు బాపు చాప మీద అలవాటైనదే, ఒక్క మాట పొల్లుపోకుండా. పక్కింటి రుక్మాబాయి మరాఠీ కలిపి మాట్లాడే మనిషి. "నీ భావు చెప్పినంక మళ్ళ సినిమా చూసుడెందుకు" అనేదట, భావు అంటే తమ్ముడు. ఆ మాట అక్క రాస్తే నేను ఆ కార్డును వారం రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

అక్క పెళ్ళయిన మూడో ఏడు, మక్కపంట ఇంటికి వచ్చే వేళ, ఆఖరి వానల్లో ఆమె కొడుకు చనిపోయాడు. రెండేళ్ళవాడు, పేరు సామ్యేలు. జ్వరం. వాగులు పొంగి దారి తెగింది. ఆదిలాబాద్‌కు తీసుకుపోవడానికి మూడు రోజులు వీలు కాలేదు. మాకు కబురు అందేసరికి పూడ్చిపెట్టి ఎనిమిది రోజులైంది. బాపు నన్ను కూర్చోబెట్టి ఓదార్పు మాటలు చెప్పి రాయించాడు. కాగితానికి ఒక వైపు నిండింది. రెండో వైపు ఖాళీ. పిల్లవాణ్ణి పోగొట్టుకున్న తల్లికి సగం కాగితం ఖాళీగా పంపడం బాగుండదనిపించింది. ఏం రాయాలో తోచలేదు. ఆ వారం డేరాలో చూసిన సినిమా గురించి రాశాను.

ఆ సినిమా పేరు ఇక్కడ చెప్పను, తీసినవాళ్ళ తప్పేమీ లేదు. ఇటుకబట్టీలో పనిచేసే తల్లి, ఐదేళ్ళ కొడుకు. జాతరలో ఏనుగు బెదిరి జనం తొక్కుకుంటుంటే కొడుకు చెయ్యి జారిపోతుంది. తెర నిండా తల్లి ఖాళీ చెయ్యి. అక్కడ ఇంటర్వెల్. నేను ఇంటికి వచ్చి చాప మీద కూర్చుని చదువుతుంటే డేరా నుంచి ఒక ఆడమనిషి శోకం చాలాసేపు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. తర్వాత ఒక పిల్లవాడు గలగలా నవ్వాడు. ఆ నవ్వు మీదే సినిమా అయిపోయింది. కొడుకు దొరికాడని నేననుకున్నాను. నిజంగానే అనుకున్నానా, లేక అక్కకు అదే రాయాలి కాబట్టి అనుకున్నానా, ఎంత ఆలోచించినా తేలడం లేదు. పూర్తి సినిమాలో పిల్లవాడు పరాయివాళ్ళ ఇంట్లో జబ్బుపడి చచ్చిపోతాడు, తల్లి ఒక్కరోజు ఆలస్యంగా వస్తుంది. ఆ నవ్వు ఆమెకు జ్ఞాపకం వచ్చిన నవ్వు. నేను ఉత్తరంలో కొడుకు దొరికాడని రాశాను.

అక్క నుంచి కార్డు వచ్చింది. "బాపు రాయించినయి చదివిన. గా సినిమాల పిల్లగాడు తల్లిని చూడంగనే గుర్తుపట్టిండా, జరసేపు పట్టిందా? అది రాయలే నువ్వు" అని ఉంది. వెంటనే గుర్తుపట్టలేదు, తల్లి ముక్కుపుడక పట్టుకుని చూసి గుర్తుపట్టాడు అని రాశాను. ఇంకో కార్డు. "ఆకలి మీద ఉండెనా? ఏం తిన్నడు?" పాలూ రొట్టే తిన్నాడని రాశాను. "చిక్కిపోయిండా?" లేదు, వాళ్ళు బాగానే చూసుకున్నారు అని రాశాను. అట్లా అయిదు కార్డులు. అక్క మళ్ళీ అన్నం తింటున్నదని బావ అవ్వకు కబురు పంపాడు. నేను మేలు చేస్తున్నాననుకున్నాను.

చలికాలంలో ఆ సినిమా ఆదిలాబాద్‌కు వచ్చింది. బావకు జీపు రిపేరు పని మీద అక్కడికి పోయే ఆర్డరు ఉంది. అక్క ఏడ్చి, బతిమాలి, రుక్మాబాయినీ ఇంకో ఇద్దరినీ వెంటబెట్టుకుని జీపు వెనక ఎక్కింది. అనుమతి లేకుండా ఎక్కించుకోవడం బావ తప్పే. ఆయనకు తెలిసి చేసిన తప్పు, కొడుకు పోయిన భార్య కోసం చేసింది. అది అక్క జీవితంలో మొదటి సినిమా. కొడుకు శవం పక్కన తల్లి కూర్చోవడం, ఆ నవ్వు, తెర మీద ఆఖరి అక్షరాలు పడడం అన్నీ చూసి, లేవకుండా కూర్చున్నదట. అందరూ లేస్తుంటే గేటు దగ్గరివాణ్ణి పిలిచింది.

"మిగిలిన రీళ్ళు ఎప్పుడేస్తరు?"

"ఖతం అయింది బాయీ. నడువు."

"ఎట్ల ఖతమైతది? పిల్లగాడు దొరకాలె గద. మా తమ్ముడు హుజూరాబాద్‌ల చూసిండు. మీరు రీళ్ళు మింగిండ్రు."

ఆ కాలంలో టూరింగ్ టాకీసువాళ్ళు ఆట తొందరగా ముగించడానికి రీళ్ళు ఎగరగొడతారని అందరికీ అనుమానమే. ఎగరగొట్టేవారు కూడా. కాబట్టి అక్క మాట విన్నవాళ్ళు నవ్వలేదు. రుక్మాబాయి కొంగు నడుముకు చుట్టి, "అవ్ అవ్, ముక్కుపుడక చూసి గుర్తుపడతడు, అది ఏడ పెట్టిన్రు?" అని అడిగింది. వెళ్ళిపోతున్న జనం వెనక్కి తిరిగారు. ముక్కుపుడక సంగతి నోటి నుంచి నోటికి పోయింది. పది నిమిషాల్లో డేరా గుంజలు రెండు కూలాయి, ఎవరో కనాతు చింపారు, పోలీసు జవాన్లు వచ్చారు. ఆడవాళ్ళను వదిలి, మగమనిషి గనక బావను ఠాణాకు తీసుకుపోయి మరునాడు సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. సర్కారు జీపు బయట నిలబడి ఉంటే, ఆడవాళ్ళను సినిమాకు తెచ్చిన సంగతి ఉట్నూర్‌కు చేరింది.

అక్క నాకు రాసింది. "నువ్వు మొత్తం చూసినట్టు ఒక కాయితం రాసి దస్కత్ చేసి పంపు. మేం ఉత్తగ గడబిడ చెయ్యలే, అన్యాయమైతెనే అడిగినం అని మీ బావ సాబుకు చూపిస్తడు." ఆ ఉత్తరం పట్టుకుని హాస్టల్ వెనక కట్టెల మోపుల దగ్గర కూర్చున్నది గుర్తుంది. నిజం రాయడానికి అదే సమయం. సాబు అంటే బావ పై అధికారి, ఆయనకు ఉర్దూ వచ్చు గనక నేను ఉర్దూలో రాశాను. ఫలానావాడినైన నేను ఫలానా సినిమాను ఆద్యంతం స్వయంగా చూశానని, అందులో బాలుడు తల్లిని చేరుకుంటాడని. దస్తూరీ చాలా బాగా వచ్చింది. బాగా వచ్చినందుకు సంతోషించాను కూడా. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సాబు ఆ కాగితం చదివి నవ్వాడట. "దేవయ్యా, నేను హైదరాబాద్‌ల రెండుసార్లు చూసిన. పిల్లగాడు సచ్చిపోతడు. నీ బామ్మర్ది ఏం తాగి చూసిండు?" అన్నాడట. జీపు తాళాలు తీసుకుని బావను రెండేళ్ళు దఫ్తరు గేటు దగ్గర కూర్చోబెట్టారు. స్టీరింగు పట్టుకోవడం తప్ప ఇంకే పనీ తెలియని మనిషి. తోటివాళ్ళు ఆయనకు "రీలు దేవయ్య" అని పేరు పెట్టారు. తాళాలు తిరిగి ఇచ్చిన తర్వాత కూడా ఆ పేరు పోలేదు. గూడేలలో పిల్లలు కూడా "రీలు జీపు వచ్చింది" అనేవారట.

ఆ గేటు రోజుల్లోనే బావ ఒకసారి ఒక్కడే హుజూరాబాద్ వచ్చాడు. బాపుకు ఆయాసంగా ఉందని చూడడానికి. సాయంత్రం హాస్టల్ వంటింట్లో నేను తొట్టిలో నీళ్ళు నింపుతున్నాను. బాపు అక్కడే గోడకు ఆనుకుని, కొత్త వంటమనిషి పప్పు ఎట్లా చేస్తున్నాడో వాసన పట్టుకుంటూ కూర్చున్నాడు. బావ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"బామ్మర్దీ, నేనేం అనను. నిజం చెప్పు. గా సినిమా నువ్వు కడదాక చూసినవా?"

బాపు ముఖం ఇటు తిరిగింది. ఆయనకు నేను డేరాలోకి పోతానన్న సంగతే తెలియదు, లేదా తెలియనట్టు ఉండేవాడు. సగంలో లేచి వచ్చానని చెప్పాలంటే ముందు పోయానని చెప్పాలి. నేను బిందె తొట్టిలోకి వంచాను. నీళ్ళ చప్పుడు అయిపోయేదాకా బావ నిలబడ్డాడు. తర్వాత బాపు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సరే తియ్యి" అన్నాడు. అంతే. ఆ రాత్రి బస్సుకే వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు, బాపు సమాధికి తప్ప. ఆయన నన్ను కాపాడాడని నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

ఉట్నూర్‌లో ఏం జరిగిందో అక్క కార్డుల్లో ముక్కలుముక్కలుగా తెలిసింది. "నీ తమ్ముడు అబద్ధమాడిండు" అని బావ ఒక్కసారే అన్నాడట. అక్క వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. సినిమా మాట వస్తే చాలు, ఆయన బయటికి వెళ్ళిపోయేవాడు, ఆమె పొయ్యి ముందు కూర్చునేది. తర్వాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, పెరిగారు. అక్కాబావలిద్దరూ మంచివాళ్ళు, ఒకరికొకరు పాలు కాచి ఇచ్చుకునేవాళ్ళు. కానీ ఆ ఒక్క విషయంలో ఆమె నా మాట పట్టుకుని ఆయనను నమ్మలేదు, పదహారేళ్ళు. పైగా అక్క ఆ పూర్తి సినిమా కోసం వెతికింది. హుస్నాబాద్ నుంచి చుట్టాలు వస్తే, "మీ దిక్కు వచ్చిందా? మొత్తం వేసిండ్రా?" అని అడిగేది. రెండు చోట్ల జాతర డేరాల్లో మళ్ళీ చూసింది. రెండు చోట్లా కోసారనే అన్నది. నేను కార్డులు తగ్గించాను. సినిమాల గురించి రాయడం మానేశాను. చూడడం మానలేదు.

ఇప్పుడు కరీంనగర్‌లో పక్కా టాకీసులు ఉన్నాయి. ఫ్యాన్లు తిరుగుతాయి, రెండు మిషన్లు ఉన్నాయి, రీలు రీలుకూ దీపం వేయరు, తడి ఇసుక వాసన లేదు. బాపు లేడు, నన్ను ఎనిమిదిన్నరకు చాప మీద అడిగేవారు లేరు. ఎవరికీ దాచకుండా మొత్తం సినిమా చూడవచ్చు. చూస్తున్నాను గానీ తృప్తి లేదు. ఈమధ్య ఒక రంగుల సినిమా చూశాను. ఇంటర్వెల్ దాకా చాలా బాగుంది. తర్వాత హీరో ఎందుకు సన్యాసి అయ్యాడో, మళ్ళీ ఎందుకు కారు నడిపాడో తెలియలేదు. పోయిన నెల ఇంకొకటి చూశాను, ఊరంతా ఏడ్చిన సినిమా. నాకు ఏడుపు రాలేదు. సగంలోనే నేను మనసులో ఇంకో దారి వేసుకున్నాను, అది ఆ దారిన పోలేదు. ఇంటికి వచ్చి నా భార్యకు కథ చెప్తుంటే ఏది తెరమీద అయిందో ఏది నాదో కలిసిపోయింది. "మీరు చూసిన సినిమాకు, పక్కింటావిడ చూసిన సినిమాకు పొంతన లేదేంది?" అన్నది ఆమె. ఆ కాలం సినిమాలు మంచివా, ఈ కాలంవి మంచివా అని ఎవరైనా అడిగితే నేను పోల్చలేను. ఆ కాలానివి నేను చూసింది సగమే. ఆ సగాలు మాత్రం ఇవాళ్టి వాటికన్నా బాగున్నాయని అనిపిస్తుంది, ఎందుకో తెలియదు.

మొన్న దసరా సెలవుల్లో ఆ పాత సినిమాను ఇక్కడి టాకీసులో మళ్ళీ వేశారు. గోడ మీద కాగితం చూసి నేను తల తిప్పుకుని నడిచాను. మూడో రోజు పొద్దున అక్క బస్సు దిగి ఇంటికి వచ్చింది. ఎవరు చెప్పారో, పెద్ద కూతురుకు తెలిసిందట. "పట్నమసొంటి టాకీసు. ఈడ కొయ్యరు" అన్నది. తెల్లటి చీర, చేతిలో మక్కగారెల డబ్బా. ఆమెకు అప్పటికే సగం జుట్టు నెరిసింది.  మధ్యాహ్నం ఆటకు పోయాం.

ఫిలిం బాగా అరిగిపోయి ఉంది. తెర మీద వాన కురుస్తున్నట్టు గీతలు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందుకు వంగి చూసింది. కొడుకు చచ్చిపోయాడు. తల్లి వచ్చింది. ఆఖరి అక్షరాలు పడ్డాయి. దీపాలు వెలిగాయి, జనం లేచారు. అక్క లేవలేదు. "ఇంత పెద్ద టాకీసు కట్టి గుడ గదే పని" అన్నది. తర్వాత లేచి గేటువైపు చూసింది. "ఎవలు ఈడ మేనేజరు? ఆనాడు మీ బావ తోటి సాక్షెం చెప్పనీకె ఎవ్వలు లేకుండిరి. ఇయ్యాల నువ్వున్నవు. నువ్వే చెప్పు తమ్మీ, నువ్వు చూసింది."

ఆమె రెండడుగులు వేసింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"అక్కా, కూసో. ఎవ్వలు ఏం కొయ్యలే. నేనే చూడలే."

"ఏం చూడలే?"

"హుజూరాబాద్‌ల నేను ఒక్క సినిమా గుడ కడదాక చూడలే. బాపుకు చదివి వినిపియ్యాలె గద, ఇంటర్వెల్ కాంగనే ఇంటికి ఉరికేటోన్ని. పిల్లగాడు దొరికిండని నేనే అల్లి రాసిన. ముక్కుపుడక నేనే అల్లిన. సాబుకు పంపిన కాయితం గుడ అబద్ధమే. బావ చెప్పిందే నిజం."

ఆమె కుర్చీ చేతిని పట్టుకుని కూర్చుంది. ఊడ్చేవాడు చీపురుతో మా వరుస దాకా వచ్చి, మమ్మల్ని చూసి వెనక వరుసకు పోయాడు. ఆమె తెరవైపే చూస్తూ అడిగింది.

"బాపుకు భయపడ్డవు, సరే. బాపు పోయి ఎన్నేండ్లాయె?"

"పదకొండు."

"మరి?"

 బాపు పోయాక కూడా ఎందుకు చెప్పలేదో ఇప్పుడు రాస్తూ కూడా వెతుకుతున్నాను. బాపు భయం, అక్క ఏడుపు, నా సిగ్గు, ఒకటి పట్టుకుంటే ఇంకొకటి జారిపోతోంది. ఆ రోజు ఖాళీ అయిన హాల్లో ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని నాకు వచ్చిన మాటలే అన్నాను.

"తప్పయింది అక్కా. బావ తోటి నువ్వు గన్నేండ్లు కొట్లాడింది నా వల్లనే. ఆయన అడిగినప్పుడు గుడ నేను నోరు తెరవలే. నీ తోటి తప్పు చేసిన, బావ తోటి తప్పు చేసిన. నన్ను మాఫ్ చెయ్యి."